విటమిన్ సీసాతో మా వాడి ఏడీహెచ్‌డీ తగ్గుతుందా అక్కా?

గాజువాక నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. కాస్త కుదించి పెడుతున్నాను. (ఏడీహెచ్‌డీ అంటే పిల్లాడికి ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం మామూలుకంటే బాగా ఎక్కువగా ఉండే ఇబ్బంది.)

"అక్కా, మా బాబుకి ఎనిమిదేళ్ళు, మూడో క్లాసు. ఒక్కచోట కూర్చోడు, చెప్పింది సగంలోనే మర్చిపోతాడు, రోజూ డైరీలో టీచర్ గారి ఎర్ర సిరానే. పిల్లల సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్తే రెండు మూడు సిట్టింగులు చూసి, స్కూలు వాళ్ళతో కూడా ఫారాలు నింపించి, ఏడీహెచ్‌డీ అన్నారు. మిథైల్‌ఫెనిడేట్ అనే మాత్ర రాశారు. అప్పటినుంచి ఇంట్లో గొడవ. మా అత్తగారు 'మగపిల్లోడు కదలకుండా కూకుంటాడేటి, పిచ్చి మాత్రలు మింగిస్తారేటి' అంటున్నారు. మా ఆయనకి స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టులు, 'నీ ఇష్టం' అని తప్పుకున్నారు. ఈలోగా మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ విటమిన్లు, జింక్, మెగ్నీషియం, ఐరన్ అన్నీ కలిసిన గమ్మీల సీసా చూపించింది. వాళ్ళ మేనల్లుడికి రెండు నెలల్లో తగ్గిపోయిందట, ఫారిన్‌లో రీసెర్చ్ కూడా జరిగిందట. మూడు నెలల ప్యాక్ 7,800 పెట్టి తెప్పించాను, ఇంకా విప్పలేదు. లేబుల్ ఫోటో పంపుతున్నాను. మాత్ర మొదలుపెట్టాలా, ముందు ఇది వాడి చూడాలా? బాబు బరువు 22 కిలోలు. ఎండాకాలంలో జ్వరం వచ్చినప్పుడు చేయించిన రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 10.4 ఉంది, మిగతావన్నీ నార్మల్ అన్నారు. బాబు తర్వాత పాప, దానికి రెండున్నరేళ్ళు. సీసా వెనక్కి పంపేయమంటారా?"

చెల్లెమ్మా, ముందు నేనెవరో చెప్పేస్తాను, లేకపోతే ఇదంతా ఎవరో డాక్టరమ్మ చెప్పిందనుకుంటారు. నేను ఫార్మసిస్ట్‌ని. మర్రిపాలెంలో ఒక మందుల షాపు కౌంటర్ వెనక పంతొమ్మిదేళ్ళుగా నిలబడుతున్నాను. మీరు ఫోటో పంపినలాంటి సీసాలు మా షాపులోనూ ఉన్నాయి, అదీ సరిగ్గా కళ్ళకి ఎదురుగా ఉండే అరలో, ఎందుకంటే వాటి మీద మార్జిన్ బాగుంటుంది. పారాసిటమాల్ షీటు ఏ మూలన ఉన్నా జనం అడిగి తీసుకుంటారు, గమ్మీలు మాత్రం కనబడితేనే అమ్ముడవుతాయి. కాబట్టి నేను ఈ సీసాల గురించి చెప్పేది నా గల్లాపెట్టెకి కొంచెం నష్టమే. ఇంకో సంగతి, మా పెద్దాడిదీ ఇదే కథ. వాడికిప్పుడు ఇరవై రెండు. ఆ కథలో నేను చేసిన వెధవపని ఒకటుంది, అది కూడా చెప్తాను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మాత్రా, గమ్మీలా అని ఇంటిల్లిపాదీ కొట్టుకుంటున్నారు గానీ, చివర్లో ఏదో మాటవరసకి రాసినట్టు ఒక అంకె రాశారు చూడండి, 10.4, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అయిదు నుంచి పదకొండేళ్ళ పిల్లలకి హిమోగ్లోబిన్ 11.5 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 11 కంటే కిందకి దిగితే కొద్దిపాటిది కాదు, మధ్యస్థం అంటారు. అంటే మీ వాడికి ఏడీహెచ్‌డీ సంగతి ఎలా ఉన్నా రక్తం మాత్రం తక్కువుంది. "మిగతావన్నీ నార్మల్" అనే మాటలో ఇది కొట్టుకుపోయింది. మీ తప్పని అనడం లేదు, మన దగ్గర ఈ అంకె ఎంత మామూలైపోయిందంటే ఎవరికీ కొట్టొచ్చినట్టు కనబడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఊరంతా అంతే అయినప్పుడు అదే నార్మల్ అనిపిస్తుంది మరి.

రక్తం తక్కువున్న పిల్లాడు నీరసంగా పడుకుని ఉంటాడనుకుంటాం. అలా ఉండేవాళ్ళూ ఉంటారు, కానీ కొందరు చిరాగ్గా, నిలకడ లేకుండా, పుస్తకం ముందు రెండు నిమిషాలు కూడా మనసు నిలపలేకుండా ఉంటారు. ఐరన్ అంటే రక్తం ఒక్కటే కాదు, మెదడులో ధ్యాసకి పనికొచ్చే డోపమిన్ అనే రసాయనం తయారవ్వాలన్నా ఐరన్ కావాలి, ఏడీహెచ్‌డీ మాత్రలు పనిచేసేది కూడా ఆ డోపమిన్ మీదే. 2004లో ప్యారిస్ డాక్టర్లు 53 మంది ఏడీహెచ్‌డీ పిల్లల రక్తంలో ఫెర్రిటిన్ చూశారు. ఫెర్రిటిన్ అంటే ఒంట్లో దాచుకున్న ఐరన్ నిల్వకి గుర్తు, గాదెలో ధాన్యం ఎంత ఉందో చెప్పే కొలత లాంటిది. ఆ పిల్లల సగటు 23, మామూలు పిల్లల సగటు 44. తర్వాత 2008లో వాళ్ళే, ఫెర్రిటిన్ తక్కువున్న 23 మంది పిల్లల్లో కొందరికి పన్నెండు వారాలు ఐరన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే ఐరన్ వేసుకున్నవాళ్ళకి ఒక కొలమానంలో లక్షణాలు తగ్గాయి, తల్లిదండ్రులూ టీచర్లూ నింపే ఇంకో కొలమానంలో మాత్రం గట్టి తేడా రాలేదు. చిన్న పరీక్ష, 23 మందే, దాన్ని పట్టుకుని ఐరన్‌తో ఏడీహెచ్‌డీ పోతుందని చెప్పేవాళ్ళని నమ్మకండి. కానీ ఐరన్ నిజంగా తక్కువున్న పిల్లాడికి ఐరన్ ఇవ్వడానికి ఏ రీసెర్చూ అక్కర్లేదు, అది ఎలాగూ ఇవ్వాల్సిందే.

అందుకని మొదటి పని, పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళి సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) మళ్ళీ చేయించి, దాంతోపాటు ఫెర్రిటిన్ కూడా రాయమని అడగండి. జ్వరం, జలుబు ఉన్నప్పుడు చేయించకండి. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే ఫెర్రిటిన్ అబద్ధంగా పెరిగి కనబడుతుంది, గాదె ఖాళీగా ఉన్నా నిండుగా ఉందని రిపోర్ట్ వస్తుంది. మీ పాత పరీక్ష జ్వరంలోనే చేశారు కాబట్టి మళ్ళీ చేయించడం ఎలాగూ మంచిది. ఇంకో కారణం కూడా ఉంది. రక్తం తక్కువున్న ప్రతివాడికీ ఐరన్ తక్కువని కాదు, తలసీమియా ట్రెయిట్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే ఒక రక్తలక్షణం) ఉన్నా హిమోగ్లోబిన్ ఇలాగే తక్కువగా కనబడుతుంది, అలాంటివాళ్ళకి ఊరికే ఐరన్ పోయడంలో అర్థం లేదు. నులిపురుగుల మందు ఎప్పుడు వేశారో కూడా గుర్తు చేసుకోండి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బళ్ళలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర మీ వాడు నిజంగా మింగాడా, లేక జేబులో వేసుకుని వచ్చాడా? మా వాడైతే ఒకసారి దాన్ని సుద్దముక్క లాగా గోడ మీద గీసి చూశాడు.

ఇప్పుడు మీరు పంపిన లేబుల్. ఫోటోని పెద్దది చేసి చూశాను. ముందువైపు మెదడు బొమ్మ, నవ్వుతున్న పిల్లాడు, "ఫోకస్" అని పెద్ద అక్షరాలు. అసలు సంగతి ఎప్పుడూ వెనకాలే ఉంటుంది. రోజుకి రెండు గమ్మీలకి ఐరన్ 4 మిల్లీగ్రాములు. ఎనిమిదేళ్ళ పిల్లాడికి మామూలుగా తిండిలోంచి రోజుకి 15 మిల్లీగ్రాముల ఐరన్ రావాలని మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అది ఆరోగ్యంగా ఉన్నవాడికి. రక్తహీనతకి వైద్యం చేయాలంటే కిలో బరువుకి 3 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు, అంటే 22 కిలోల మీ వాడికి రోజుకి 66. ఆ లెక్కన గమ్మీలతోనే సరిపెట్టాలంటే రోజుకి ముప్పై మూడు తినిపించాలి. (తినిపించకండి, అందులో ఉన్న మిగతావన్నీ ఏమవుతాయో చెప్పలేం.) నెలకి 2,600 పెట్టి కొన్నదానిలో మీ వాడికి కావాల్సిన ఒక్క వస్తువు కావాల్సినంత లేదు, అదే ఐరన్ సిరప్ అయితే డాక్టర్ రాసిన డోసులో నెలకి అందులో పదో వంతు కూడా అవ్వదు.

ఆ ఫోటోలోనే కింద చీమతలకాయంత అక్షరాల్లో "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అని ఉంది చూశారా? వైద్యానికి వాడేది కాదు అని వాళ్ళే రాసుకున్నారు. అది వాళ్ళ నిజాయితీ కాదు, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016 నిబంధనల ప్రకారం హెల్త్ సప్లిమెంట్ల మీద అలా రాసి తీరాలి. ముందు బొమ్మ ఒకటి చెప్తుంది, వెనక అక్షరం ఇంకోటి చెప్తుంది, కేసు అయితే నిలబడేది వెనకదే.

సరే, ఫారిన్ రీసెర్చ్ అన్నారు కదా. అది గాలి కబురు కాదు, నిజంగానే జరిగింది, దాన్ని కొట్టిపారేస్తే నేను కూడా అబద్ధం చెప్పినదాన్నే అవుతాను. న్యూజిలాండ్‌లో 2018లో ఒకటి వచ్చింది, ఏడు నుంచి పన్నెండేళ్ళ పిల్లలు 93 మంది, పది వారాలు. సగంమందికి విటమిన్లు, ఖనిజాలు కలిసిన క్యాప్సూళ్ళు, సగంమందికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తివి. ఎవరికి ఏది వెళ్ళిందో పిల్లలకీ తెలియదు, తల్లిదండ్రులకీ డాక్టర్లకీ తెలియదు. చివర్లో డాక్టర్లు చూసి "బాగా మెరుగైంది" అన్నది, అసలు మందు వేసుకున్నవాళ్ళలో నూటికి 47 మందికి, ఉత్తుత్తి వాళ్ళలో 28 మందికి. 2022లో అమెరికా, కెనడాల్లో ఇంకోటి, 135 మంది పిల్లలు, ఎనిమిది వారాలు. అక్కడ డాక్టర్ల లెక్క 54కి 18. చిన్న తేడా కాదు, మీ పక్కింటావిడ ఉత్సాహం అర్థమవుతుంది.

కానీ ఆవిడ మీకు చెప్పని సగం ఇది. ఆ రెండు పరీక్షల్లోనూ తల్లిదండ్రులు నింపిన ఏడీహెచ్‌డీ ఫారాల్లో రెండు గుంపులకీ తేడా రాలేదు. తగ్గలేదని కాదు, రెండు గుంపుల్లోనూ తగ్గింది! ఉత్తుత్తి క్యాప్సూల్ మింగిన పిల్లల అమ్మలు కూడా "మా వాడు నయం" అనే రాశారు. న్యూజిలాండ్ దాంట్లో ఇంకో వివరం కూడా ఉంది. డాక్టర్ల లెక్కలో పిల్లల ధ్యాస, కోపతాపాల అదుపు కొంత మెరుగైంది గానీ, గెంతడం, కుదురు లేకపోవడం మాత్రం ఉత్తుత్తి వాళ్ళకంటే ఏమీ తగ్గలేదు. మీ ఉత్తరంలో మొదటి ఫిర్యాదు "ఒక్కచోట కూర్చోడు" అనే కదా.

అమ్మలు ఎందుకలా రాశారు? అబద్ధం చెప్పలేదు పాపం. నేను కూడా అదే రాశాను. మా వాడు నాలుగో తరగతిలో ఉండగా డాక్టర్ ఏడీహెచ్‌డీ అంటే, మాత్ర మొదలుపెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. రోజూ చేతులతో మందులు ఇచ్చేదాన్ని, నా కొడుక్కి ఇవ్వాలంటే చేయి వణికింది. అప్పుడు మా షాపులోని సీసానే ఇంటికి తెచ్చా, జింక్ సిరప్ ఒకటి, మల్టీవిటమిన్ ఒకటి. చదువుకున్నదాన్ని కదా, శాస్త్రీయంగా చేద్దామని నోటుబుక్కు పెట్టి రోజూ మార్కులు వేశా. రెండో వారం నుంచి పదికి ఏడు, ఎనిమిది. "చాలా నయం, హోంవర్క్ గొడవ లేదు, రాత్రి తొందరగా పడుకుంటున్నాడు" అని రాసి అండర్‌లైన్ కూడా చేశా. మా ఆయన ఆ నోటుబుక్కు తీసుకుని తారీకులు చూసి, ఏమీ అనకుండా గోడమీద క్యాలెండర్ వైపు చూపించారు. దసరా సెలవులు! హోంవర్క్ గొడవ లేదంటే అసలు హోంవర్కే లేదు. పగలంతా వీధిలో క్రికెట్ ఆడి అలిసిపోయి పడుకుంటున్నాడు, నేనేమో జింక్ పనిచేస్తోందని మురిసిపోతున్నా. బడి తెరిచిన మూడో రోజు, ఖాళీ కడుపు మీద జింక్ పోసి పంపానేమో, స్కూల్ ఆటోలో పక్కపిల్ల బ్యాగు మీద వాంతి చేసుకున్నాడు. జింక్ పరగడుపున కడుపులో తిప్పుతుందని కౌంటర్ దగ్గర వందమందికి చెప్పినదాన్ని నేనే.

1994లో అమెరికాలో ఒక సరదా పరీక్ష జరిగింది. పంచదార తింటే మా వాడు రెచ్చిపోతాడు అని నమ్మే అమ్మలని, వాళ్ళ అయిదు నుంచి ఏడేళ్ళ అబ్బాయిలని పిలిచారు. కొందరు అమ్మలతో మీవాడికి పంచదార ఇచ్చామని, మిగతావాళ్ళతో ఇవ్వలేదని చెప్పారు. నిజానికి ఒక్కడికీ పంచదార ఇవ్వలేదు, అందరికీ ఇచ్చింది తీపి కోసం వేరే పదార్థమే. అయినా పంచదార ఇచ్చామన్న అమ్మలు తమ పిల్లలు బాగా అల్లరి చేస్తున్నారని మార్కులు వేశారు, వాళ్ళని ఎక్కువ విసుక్కున్నారు కూడా. మన కళ్ళు చూసేది మనం ఎదురుచూసేదాన్నే. 7,800 పెట్టినవాళ్ళు ఎదురుచూసేది 7,800 రూపాయల మార్పు.

ఆ పరీక్షలని పట్టుకుని గమ్మీలు అమ్మడంలో ఇంకో పెద్ద మోసం ఉంది. అక్కడ పిల్లలు మింగింది రోజుకి తొమ్మిది నుంచి పన్నెండు క్యాప్సూళ్ళు, న్యూజిలాండ్‌లో అయితే పదిహేను దాకా. మామూలు రోజువారీ మోతాదులకి ఎన్నో రెట్లు ఉండే మిశ్రమం అది, డాక్టర్లు చూసుకుంటూ ఇచ్చారు. మన దగ్గర హెల్త్ సప్లిమెంట్ పేరుతో అమ్మేవాటిలో విటమిన్లు, ఖనిజాలు రోజువారీ మోతాదు దాటకూడదని నిబంధన. అంటే అక్కడి ఫలితం, ఇక్కడి సీసా, ఈ రెండింటికీ పొంతనే లేదు. మన వీధి చివర మామిడిపండు రసం సీసా మీద బంగినపల్లి బొమ్మ ఉన్నంత సంబంధం. ఇంకోటి, ఆ పరీక్షల్లోకి ఏడీహెచ్‌డీ మందులు వాడుతున్న పిల్లల్ని తీసుకోలేదు, కాబట్టి మాత్రతో కలిపి వేస్తే ఎలా ఉంటుందో అవి చెప్పవు.

"అయితే డోసు పెంచి వేస్తే?" అని మీరు అడగకపోవచ్చు, కానీ కౌంటర్ దగ్గర చాలామంది అడుగుతారు. ఆ పని 1970ల్లోనే చేశారు, మెగావిటమిన్లని పేరు పెట్టి గుప్పెళ్ళతో ఇచ్చారు. 1984లో కెనడాలో 41 మంది పిల్లల్లో పద్ధతిగా పరీక్షించి చూస్తే ఉపయోగం తేలలేదు సరికదా, నూటికి 42 మందికి రక్తంలో లివర్ ఎంజైములు పెరిగాయి. విటమిన్ కదా, ఎక్కువైతే మూత్రంలో పోతుందిలే అనే మాట సి విటమిన్ లాంటి కొన్నింటికే. ఎ, డి ఒంట్లో పేరుకుపోతాయి. బి6 నెలల తరబడి మోతాదు మించితే నరాలు దెబ్బతింటాయి. జింక్ ఎక్కువైతే రాగి తగ్గిపోతుంది. మా షాపులో ఒకసారి ఒక తాతగారు వారానికి ఒకటి వేయాల్సిన 60,000 యూనిట్ల డి విటమిన్ పొట్లం మనవడికి రోజుకొకటి కలిపి ఇస్తున్నారని, నాలుగోది కొనడానికి వచ్చినప్పుడు తెలిసింది. పొట్లం మీద పాలగ్లాసు బొమ్మ ఉందట, బలానికి అనుకున్నారట.

జింక్ ఒక్కటే వేస్తే అన్నదానికి కూడా జవాబు తికమకగానే ఉంది. 2004లో టర్కీలో 400 మంది పిల్లల మీద చూస్తే దుడుకుతనం కొంత తగ్గింది, ధ్యాస మాత్రం పెరగలేదు. 2011లో అమెరికాలో 52 మంది మీద చూస్తే జింక్ వల్ల ఒరిగింది ఏమీ లేదు. తిండిలో జింక్ తక్కువుండే చోట పనిచేసి, సరిపడా ఉండే చోట పనిచేయలేదేమో అని కొందరి ఊహ, నాకూ అదే సబబుగా అనిపిస్తుంది. లోటు ఉంటే పూడ్చాలి, లేనిచోట పోస్తే పొంగిపోవడమే. ఒమేగా 3 నూనె క్యాప్సూళ్ళ మీద ఇంకా చాలా పరీక్షలు జరిగాయి, 2023లో అవన్నీ కలిపి చూసిన కోక్రేన్ (వైద్య పరీక్షలని ఒకచోట చేర్చి తూచే సంస్థ) వాళ్ళు ఏడీహెచ్‌డీకి పెద్దగా ఉపయోగం కనబడలేదన్నారు. చేపనూనె సీసా కొనే డబ్బుతో హార్బర్ దగ్గర కానాగుర్తలు కొనండి, పులుసు పెడితే ఇంటిల్లిపాదీ తింటారు. (ఆ చేప శాస్త్రీయ నామంలో కూడా కానాగుర్త అనే ఉంటుంది తెలుసా? ప్యాట్రిక్ రస్సెల్ అనే దొర మన విశాఖ తీరం చేపలకి మనవాళ్ళు పిలిచే పేర్లే రాసుకుపోయి 1803లో పుస్తకం వేశాడు, అది అలాగే ప్రపంచమంతా నిలిచిపోయింది.)

తిండి గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలియనిది కాదు. చోడి అంబలి, తోటకూర, గుడ్డు, నువ్వుల చిమ్మిరి, పప్పులో కాస్త నిమ్మకాయ పిండితే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. ఐరన్ సిరప్ ఇచ్చిన గంటా గంటన్నర దాకా పాలు, టీ వద్దు. సిరప్ మొదలుపెట్టాక విరేచనం నల్లగా అవుతుంది, మీ అత్తగారు చూసి కంగారుపడకముందే చెప్పి ఉంచండి. నెలకి హిమోగ్లోబిన్ దాదాపు ఒక గ్రాము పెరిగితే మందు పనిచేస్తున్నట్టు. 11.5 దాటగానే ఆపేయకండి, నిల్వ నిండేదాకా ఇంకొన్నాళ్ళు వాడమంటారు డాక్టర్లు.

రంగుల విషయం మాత్రం ఒక్క మాట. 2007లో ఇంగ్లండ్‌లో ఆరు కృత్రిమ రంగులు, సోడియం బెంజోయేట్ కలిపిన డ్రింకులు ఇచ్చి చూస్తే మామూలు పిల్లల్లో కూడా కొంత దుడుకుతనం పెరిగింది. ఆ తర్వాతే 2010 నుంచి యూరప్‌లో ఆ రంగులున్న వాటిమీద హెచ్చరిక రాయిస్తున్నారు. బీచ్ రోడ్డు మీద ఎర్రగా నిగనిగలాడే గోలా మానిపించినంత మాత్రాన ఏడీహెచ్‌డీ పోదు, కానీ మానిపిస్తే పోయేదేమీ లేదు.

ఇక మాత్ర. దీని మీద మీ భయం నాకు తెలుసు, కాబట్టి అటూ ఇటూ తిప్పకుండా చెప్తాను. ఇది పిచ్చి మాత్ర కాదు. మత్తు పెట్టి పిల్లాడిని మూల కూర్చోబెట్టేదీ కాదు. ఏడీహెచ్‌డీకి ఇప్పటిదాకా ఉన్నవాటిలో ఎక్కువ పరీక్షలకి నిలబడింది ఇదే. అమెరికాలో 579 మంది పిల్లల్ని 14 నెలలు చూసి 1999లో ఫలితాలు చెప్పినప్పుడు, జాగ్రత్తగా డోసు సరిచూస్తూ ఇచ్చిన మందు, ధ్యాస, దుడుకుతనం విషయంలో పిల్లలకీ తల్లిదండ్రులకీ ఇచ్చే ప్రవర్తన శిక్షణ ఒక్కదానికంటే బాగా పనిచేసింది. విటమిన్ లాగా రెండు నెలలు ఎదురుచూడక్కర్లేదు, పనిచేస్తే వేసిన రోజే తెలుస్తుంది, మామూలు మాత్ర పని నాలుగు గంటలు ఉండి దిగిపోతుంది. ఇబ్బందులూ ఉన్నాయి. ఆకలి తగ్గుతుంది, మా వాడి టిఫిన్ బాక్సు మొదటి నెలంతా పెట్టింది పెట్టినట్టే వెనక్కి వచ్చేది, అందుకే మాత్రకి ముందు పొద్దున్నే కడుపునిండా పెట్టి, మళ్ళీ రాత్రికి గట్టిగా పెట్టేదాన్ని. కొందరికి నిద్ర పట్టదు, తలనొప్పి వస్తుంది. ఎదుగుదల కొద్దిగా నెమ్మదించవచ్చు కాబట్టి ఎత్తు, బరువు, బీపీ, పల్స్ మధ్యమధ్యలో చూస్తారు. ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉన్నా, చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్ళున్నా డాక్టర్‌కి ముందే చెప్పాలి. మా వాడు ఇంటర్ దాకా వాడాడు, తర్వాత డాక్టరే ఆపించారు. ఇప్పుడు కార్ల వర్క్‌షాప్‌లో పనిచేస్తున్నాడు, ఇంజిన్ ముందు మూడు గంటలు కదలడు, బండి తాళాలు మాత్రం ఇప్పటికీ వారానికోసారి పోగొడతాడు.

అలాగని మీరు రేపే మొదలుపెట్టమని నేను అనను, ఆ మాట అనాల్సింది మీ డాక్టర్. నేను చెప్పేది ఒక్కటే. గమ్మీలు వాడి చూసి ఆ తర్వాత మాత్ర సంగతి ఆలోచిద్దాం అని వాయిదా వేయకండి. వాయిదా వేసే ఆ మూడు నెలలూ పిల్లాడికి ఊరికే పోవు, రోజూ డైరీలో ఎర్ర సిరా పడుతూనే ఉంటుంది, తను మొద్దబ్బాయినని వాడు నమ్మడం మొదలవుతుంది. రక్తహీనత వైద్యం, ఏడీహెచ్‌డీ వైద్యం రెండూ పక్కపక్కనే నడవొచ్చు. ఫెర్రిటిన్ రిపోర్ట్ ఆ సైకియాట్రిస్ట్‌కి కూడా చూపించండి. రాత్రి గురక పెడతాడా, నిద్రలో కాళ్ళు ఊరికే కొట్టుకుంటాడా అన్నది కూడా చెప్పండి. ఐరన్ తక్కువున్న పిల్లలకి కాళ్ళలో ఆ చిరచిర ఉంటుంది, నిద్ర సరిపోని పిల్లాడు పగలు ఏడీహెచ్‌డీ పిల్లాడి లాగే కనబడతాడు.

రెండో అభిప్రాయం కావాలంటే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరు వింటేనే మీ అత్తగారు గుండె బాదుకుంటారని తెలుసు, కానీ ఓపీలో మీ వాడి ఈడు పిల్లలు ఎంతమంది అమ్మల ఒళ్ళో కూర్చుని ఉంటారో ఒకసారి చూస్తే ఆవిడ భయం సగం పోతుంది. వీలైతే ఆవిడనే వెంట తీసుకెళ్ళండి. మా అత్తగారిని మార్చింది నేను కాదు, డాక్టర్ గారు "అమ్మా, మీ అబ్బాయి కూడా చిన్నప్పుడు ఇలాగే ఉండేవాడా" అని అడిగిన ఒక్క ప్రశ్న. ఆవిడ అరగంట చెప్పారు, మా ఆయన తల దించుకుని కూర్చున్నారు. వెళ్ళే తీరిక లేకపోతే 14416కి ఫోన్ చేయండి, అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంత చెప్పినా, రక్తం సరిచేశాక కూడా ఏదైనా సప్లిమెంట్ వాడి చూడాలనే ఉంటే, డాక్టర్‌కి చెప్పే వాడండి, కానీ నాలాగా కాదు. సెలవుల్లో మొదలుపెట్టకండి, బడి నడుస్తుండగా మొదలుపెట్టండి. అదే వారంలో ట్యూషన్ మార్చడం, ఫోన్ మానిపించడం లాంటివి పెట్టుకోకండి, ఏది పనిచేసిందో తెలియదు. మార్కులు వేయకండి, లెక్కపెట్టండి. "బాగున్నాడు" అని కాదు, హోంవర్క్‌లో ఎన్నిసార్లు లేచాడు, ఈ వారం ఎన్ని వస్తువులు పోగొట్టాడు అని. టీచర్ గారికి ఏమీ చెప్పకండి, రెండు నెలల తర్వాత మునుపు నింపిన ఫారమే మళ్ళీ నింపమనండి. సప్లిమెంట్ సంగతి తెలియని ఆవిడ మాటే మీ మాటకంటే నాకు నమ్మకం, ఏమీ అనుకోకండి.

మీరు చివర్లో ఒక్క ముక్కలో రాశారు, రెండున్నరేళ్ళ పాప ఉందని. అసలు నాకు ఈ ఉత్తరంలో ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే. గమ్మీ అంటే ఎలుగుబంటి ఆకారంలో, స్ట్రాబెర్రీ వాసనతో ఉండే చాక్లెట్, పాప దృష్టిలో అంతకంటే వేరే ఏమీ కాదు. అన్నయ్యకి రోజూ రెండు ఇస్తుంటే అది చూస్తూ ఊరుకోదు, కుర్చీ ఎక్కుతుంది. ఐరన్ ఎక్కువ మోతాదులో చిన్నపిల్లలకి విషం, ముందు వాంతులు, విరేచనాలు, తర్వాత ప్రాణం మీదకి కూడా రావొచ్చు. రేపు బాబుకి డాక్టర్ రాసే ఐరన్ సిరప్ అయితే గమ్మీలకంటే ఎన్నో రెట్లు గాఢం, దాన్ని పైన అటక మీద, మూత బిగించి పెట్టండి, ఫ్రిజ్ తలుపులో వద్దు. ఎప్పుడైనా పాప ఎంతో కొంత తాగిందని అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, సీసా చేత్తో పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.

గమ్మీల సీసా సీలు విప్పలేదన్నారు కాబట్టి వెనక్కి పంపేయండి. వాళ్ళు వెనక్కి తీసుకోం అంటే వాదన పెట్టుకోకుండా బిల్లుతో సహా మీ పిల్లల డాక్టర్‌కి చూపించి, ఆయన ఏమంటే అది చేయండి. పక్కింటావిడని మాత్రం మేనల్లుడికి మొదలుపెట్టింది ఏ నెలలోనో ఊరికే ఒకసారి అడిగి చూడండి.